పశ్చిమ గోదావరి జిల్లా: జనమూ, హద్దులూ



ఈ పూట విత్తనాల సంగతీ కాదు, ఎరువుల సంగతీ కాదు. మన జిల్లా సంగతి నాలుగు మాటలు చెప్పుకుందాం. "జిల్లా గొడవ మాకెందుకండీ, కలెక్టరుగారు చూసుకుంటారు గదా" అని మీరనవచ్చు. నేను కూడా ఒకప్పుడు అట్లాగే అనుకునేవాణ్ణి. ఏలూరుకు దగ్గరలో ఒక పల్లెలో ఒక పెద్దాయన తన భోషాణం తెరిచి చూపించిన కాగితాలు నా అభిప్రాయం మార్చాయి.

ఆయన ముత్తాతగారి క్రయ దస్తావేజు మీద "గోదావరి జిల్లా, ఏలూరు తాలూకా" అని వున్నది. తాతగారి నాటి భాగపరిష్కారం మీద "కృష్ణా జిల్లా, ఏలూరు తాలూకా". తండ్రిగారు సహకార సంఘంలో అప్పు తీసుకున్న పత్రం మీద "పశ్చిమ గోదావరి జిల్లా". ఆయన కొడుకు 2023లో తెచ్చుకున్న అడంగల్ నకలు మీద "ఏలూరు జిల్లా". నాలుగు తరాలు, నాలుగు జిల్లాలు. భూమి మాత్రం అదే. పుంత పక్కన చింతచెట్టు, దానికి తూర్పున మూడెకరాల చెక్క. "మావాళ్లు గుమ్మం దిగకుండా నాలుగు జిల్లాలు తిరిగారండీ" అని పెద్దాయన నవ్వాడు. అయితే ఆ నవ్వు వెనుక ఒక చిక్కు కూడా వున్నది. అప్పు కోసం వెళ్లినప్పుడు ఒక గుమాస్తా ఈ కాగితాలన్నీ తిరగేసి, "ఇవన్నీ ఒక్క భూమివేనని నమ్మకమేమిటి?" అని అడిగాడట. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే జిల్లా చరిత్ర తెలియాలి. ఆయనకు తెలియదు, గుమాస్తాకూ తెలియదు. మూడుసార్లు తిరగవలసి వచ్చింది.

కాబట్టి మొదటి నుంచి చూద్దాం.

కోస్తా జిల్లాలు కుంఫిణీ వారి చేతికి వచ్చింది 1765, 66 సంవత్సరాల ప్రాంతంలో. ఢిల్లీ పాదుషా ఫర్మానా ఒకటి, నిజాముతో ఒడంబడిక ఒకటి. మొదట బందరులో ఒక కౌన్సిలు వుండి దూరం నుంచే పెత్తనం చేసేది. 1794లో ఆ పద్ధతి తీసివేసి కలెక్టర్లను పెట్టారు. మనం ఈ రోజు "కలెక్టరు" అంటున్న ఉద్యోగి అప్పుడే మన ప్రాంతానికి వచ్చాడు. ఆ మాటలోనే వున్నది ఆయన పని ఏమిటో: శిస్తు వసూలు చేయడం. 1802, 1803లలో శాశ్వత పైసలా పద్ధతి వచ్చి భూములను ముఠాలుగా కట్టి వేలం వేశారు. జమీందారులు కొందరు నిలిచారు, కొందరు బాకీలు కట్టలేక కూలిపోయారు. రైతు మాత్రం ఎవరు పైన వున్నా కిందే వున్నాడు.

ఆ రోజుల్లో గోదావరి పక్కన వుండి కూడా మన భూములకు నీరు లేదంటే ఈ కాలపు పిల్లలు నమ్మరు. ఏరు పొంగితే వరద, పొంగకపోతే కరువు. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. గుంటూరు సీమలో అది ఎక్కువ, కాని గోదావరి సీమనూ వదలలేదు. దానికి తోడు 1839లో కోరంగి తుపాను. రాజమహేంద్రవరం జిల్లా జనం ఆ ఇరవై ఏళ్లలో సుమారు నాలుగోవంతు తగ్గిపోయారు. చచ్చినవాళ్లు కొందరు, వలస పోయినవాళ్లు కొందరు. శిస్తు రాబడి పడిపోయింది. జనం తగ్గినందుకంటే రాబడి తగ్గినందుకే దొరలకు ఎక్కువ దిగులు కలిగిందని నా అనుమానం. ఏమైతేనేం, 1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ వచ్చి జిల్లా స్థితిని విచారించి వ్రాశాడు. ఆ వెంటనే ఆర్థర్ కాటన్ నీటి పథకం సిద్ధం చేశాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలై 1852కు పూర్తయింది. ఏరు అక్కడ నాలుగు పాయలుగా వుంటుంది: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. పడమటి డెల్టాకు నీరు వదిలేది విజ్జేశ్వరం పాయ నుంచి. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

నీరు వచ్చాక జనం వచ్చారు. మన జిల్లా జనాభా చరిత్ర అంతా ఈ ఒక్క వాక్యంలో వున్నదంటే తప్పులేదు. కాలువ తవ్వడానికి వచ్చినవాళ్లు, ఊడ్పులకూ కోతలకూ వచ్చినవాళ్లు, వచ్చి కాలువగట్ల మీదే పాకలు వేసుకుని నిలిచిపోయినవాళ్లు ఎందరో. మెట్ట నుంచి పల్లానికి పిల్లనివ్వడానికి ముందు "కాలువ కింద ఎంత వుంది?" అని అడగడం కూడా అప్పటినుంచే.

ఇక హద్దులు. 1859లో రాజమహేంద్రవరం, బందరు, గుంటూరు అనే మూడు జిల్లాలను కలిపి రెండుగా చేశారు. ఒకటి గోదావరి, రెండోది కృష్ణా. గోదావరి జిల్లాకు కాకినాడ ముఖ్యపట్టణం. ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం, యర్నగూడెం తాలూకాలు అన్నీ అప్పుడు గోదావరి జిల్లాలో వున్నవే. 1904లో కృష్ణా జిల్లా నుంచి గుంటూరును విడదీశారు. కృష్ణా జిల్లా చిన్నదైపోయింది గనుక ఆ లోటు తీర్చడానికి గోదావరి జిల్లాలో పడమటి ఒడ్డున వున్న ఈ తాలూకాలను తీసి కృష్ణాలో కలిపారు. నరసాపురం రైతు కలెక్టరుగారికి అర్జీ పెట్టుకోవాలంటే అంతకుముందు కాకినాడ పోవాలి, ఆ తరువాత బందరు పోవాలి. రెండూ దూరమే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. గ్రామస్థాయి లెక్కలు వ్రాసే మిత్రులు దీన్ని శ్రద్ధగా వినాలి. 1901 జనాభా లెక్కల్లో గోదావరి జిల్లా జనం 23 లక్షల పైచిలుకు. అదే 1901 సంవత్సరానికి గోదావరి జిల్లా జనం 14 లక్షల చిల్లర అని మరికొన్ని పుస్తకాల్లో కనబడుతుంది. ఏది నిజం? రెండూ నిజమే. మొదటిది పాత హద్దుల లెక్క. రెండోది 1904 తరువాత మిగిలిన హద్దులకు అదే లెక్కను మళ్లీ కట్టిన లెక్క. ఈ సంగతి తెలియనివాడు ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎనిమిది లక్షల మంది ఏమైపోయారా అని హడలిపోతాడు. ఎవరూ ఏమీ కాలేదు. కాగితం మీద గీత జరిగింది, అంతే. జిల్లా పేరు చూసి అంకె తీసుకోకూడదు. ఏ సంవత్సరపు హద్దులు అని అడిగి తీసుకోవాలి.

1925లో కృష్ణా జిల్లాను మళ్లీ విడదీసి, ఏలూరు ముఖ్యపట్టణంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పాటు చేశారు. ఉన్న గోదావరి జిల్లాకు అప్పుడే తూర్పు గోదావరి అని పేరు. మార్టేరులో వరి పరిశోధనా కేంద్రం పుట్టింది కూడా ఆ 1925లోనే. జిల్లా వయసూ ఆ కేంద్రం వయసూ ఒక్కటే. ఈ జిల్లాను దేశానికి తెలియజేసింది కలెక్టరాఫీసా, మార్టేరు గింజా అని నన్నడిగితే, నేను గింజ వైపే చెబుతాను. 1982లో విడుదలైన ఎం.టి.యు. 7029, మనం స్వర్ణ అంటామే, అది ఒరిస్సాలోనూ బెంగాల్లోనూ కూడా రైతుల పొలాలకు ఎక్కింది.

1942లో పోలవరం తాలూకాను తూర్పు గోదావరి నుంచి తీసి మనకు ఇచ్చారు. దానితో కొండలూ అడవీ మన జిల్లాలోకి వచ్చాయి. అప్పటినుంచి 2014 వరకు, అంటే 72 ఏళ్లు, జిల్లా హద్దులు పెద్దగా మారలేదు. అందువల్ల ఈ మధ్యకాలపు అంకెలను ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు. పోల్చి చూద్దాం.

1961లో జిల్లా జనం 19 లక్షల 78 వేలు. 1971లో 23 లక్షల 74 వేలు. 1981లో 28 లక్షల 74 వేలు. 1991లో 35 లక్షల 18 వేలు. ఇంతవరకు పదేళ్లకు నూటికి ఇరవై, ఇరవై రెండు చొప్పున పెరుగుతూ వచ్చింది. ఆ తరువాత చూడండి. 2001లో 38 లక్షల 4 వేలు. 2011లో 39 లక్షల 37 వేలు. చివరి పదేళ్లలో నూటికి మూడున్నర మాత్రమే పెరిగింది. ఉరకలెత్తిన ఏరు ఒక్కసారి ఇసుకలో ఇంకిపోయినట్టు.

ఎందుకిట్లా జరిగింది? కుటుంబ నియంత్రణ మన పల్లెల్లో బాగా పాతుకున్నది, అది ఒక కారణం. ఇద్దరితో ఆపుకోవడం ఇక్కడ మామూలైపోయింది. రెండో కారణం వలస. చదువుకున్నవాడు హైదరాబాదుకో బెంగుళూరుకో పోయాడు, కొందరు సముద్రాలు దాటారు. చదువు లేనివాడూ పోయాడు. 1980ల నుంచి పల్లపు భూముల్లో చేపల చెరువులు తవ్వారు, తరువాత రొయ్యల చెరువులు వచ్చాయి. చెరువు ఆసామికి డబ్బు వచ్చిన మాట నిజమే. కాని వరిచేనులో ఊడ్పు, కలుపు, కోత, కుప్ప, నూర్పు అని ఏడాదికి రెండుసార్లు, సార్వాకూ దాళ్వాకూ, ఊళ్లో ఆడా మగా అందరికీ పని వుండేది. చెరువుకు అంతమంది అక్కరలేదు. గట్టు మీద కావలికి ఒకరు, మేత వేయడానికి ఇద్దరు. మిగిలినవాళ్లు బస్సెక్కారు. ఆపైన కోతయంత్రాలు వచ్చాయి. ఈ విషయాన్ని కొందరు అభివృద్ధి అంటారు, కొందరు ఊరు ఖాళీ అయిందంటారు. నేనైతే రెండూ నిజమేనంటాను.

ఇప్పుడు భూమి లెక్క. 2011 నాటికి జిల్లా విస్తీర్ణం 7,742 చదరపు కిలోమీటర్లు. మనకు అర్థమయ్యే భాషలో సుమారు 19 లక్షల 13 వేల ఎకరాలు. ఇందులో కొండ, అడవి, కొల్లేరు, కాలువలు, రోడ్లు, ఊళ్లు అన్నీ వున్నాయి. అన్నీ కలిపినా 1961లో తలకు దాదాపు ఎకరం పడేది. 2011 నాటికి అది అర ఎకరమైంది. ఒక్క తరంలో సగానికి సగం. తాతకు అయిదెకరాలు వుంటే మనవడికి ఎంత మిగిలిందో ఎవరికి వారు వేళ్ల మీద లెక్క వేసుకోవచ్చు. ఇంకొక విశేషం, 2011లో వెయ్యిమంది మగవారికి 1,004 మంది ఆడవారు మన జిల్లాలో వున్నారు. మగవాళ్లే ఎక్కువగా వుండే జిల్లాలు దేశంలో చాలా వున్నాయి. మనం అట్లా కాదు. ప్రతి అయిదుగురిలోనూ దాదాపు నలుగురు పల్లెవాసులే.

జనం పెరిగేకొద్దీ పరిపాలన ముక్కలు చేయక తప్పలేదు. 1961లో జిల్లాకు ఎనిమిది తాలూకాలు: ఏలూరు, చింతలపూడి, పోలవరం, కొవ్వూరు, తాడేపల్లిగూడెం, తణుకు, భీమవరం, నరసాపురం. ఒక్కొక్క తాసిల్దారు కింద సగటున రెండున్నర లక్షల మంది. తాలూకా కచేరీకి పోవాలంటే చద్దిమూట కట్టుకుని తెల్లవారుజామున బయలుదేరాలి. పని కాకపోతే సత్రంలో పడుకోవాలి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మన జిల్లాకు 46 మండలాలు. దానితో ఒక్కొక్క కచేరీ కిందికి వచ్చే జనం 1991 లెక్కల ప్రకారం సుమారు 76 వేలకు దిగింది. ఇది పెద్ద మార్పు. పొద్దున పోయి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం సాధ్యమైంది.

పల్లెలో మార్పు ఇంకా పెద్దది. తరతరాలుగా కరణంగారు, మునసబుగారు అనే ఇద్దరి చేతిలో ఊరి దస్తరం వుండేది. వంశపారంపర్యపు ఉద్యోగం. కరణంగారి కలం అటు తిరిగితే ఒకటి, ఇటు తిరిగితే ఒకటి. మంచి కరణాలు లేకపోలేదు. ప్రతి గెట్టూ, ప్రతి బోదే నోటికి వచ్చినవాళ్లు వుండేవారు. 1984లో ఆ పద్ధతి రద్దయింది. వ్యవసాయ విస్తరణ విషయానికి వస్తే, 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలై, గ్రామసేవకుడు సైకిలు మీద ఊళ్లోకి వచ్చాడు. 1959లో పంచాయతీ సమితులు, 1980లలో మండల పరిషత్తులు. 2019లో గ్రామ సచివాలయాలు, 2020లో రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి. ఆ కేంద్రాలకే 2024లో రైతు సేవా కేంద్రాలని పేరు మార్చారు. బోర్డు రంగు మారినా గోడ అదే.

ఇక మన్యం సంగతి. పల్లపు రైతులు దీన్ని పట్టించుకోరు, కాని జిల్లా లెక్కలో ఇది వేరు ఖాతా. పోలవరం, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి ప్రాంతాల్లోని షెడ్యూల్డు గ్రామాల్లో కోయలు, కొండరెడ్లు వున్నారు. వారి భూములు షావుకార్ల పాలు కాకుండా 1917లోనే ఒక చట్టం చేశారు. 1959లో ఒక రెగ్యులేషను, 1970లో దానికి సవరణ. జనం నోట "వన్ ఆఫ్ సెవెంటీ" అని పడింది. ఆ సవరణ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొంటే ఆ కొనుగోలు చెల్లదు, అమ్మినవాడు మరొక గిరిజనేతరుడైనా సరే. చట్టం కాగితం మీద గట్టిగానే వున్నది. పొలంలో గెట్టు దగ్గర ఎట్లా వున్నదో అక్కడ పనిచేసిన ఉద్యోగులను అడిగితే తెలుస్తుంది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లా నుంచి కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను మన జిల్లాలో కలిపారు. 46 మండలాలు 48 అయ్యాయి. ఒక జిల్లాకు కొత్తగా ఊళ్లు వచ్చాయంటే సంతోషించాలి. కాని వాటిలో చాలా ఊళ్లు వచ్చింది మునకలో పోవడానికి. అక్కడి రైతు పట్టా పుస్తకం మీద జిల్లా పేరు మారింది, రాష్ట్రం పేరూ మారింది, చివరకు చేనే పోయే రోజు వచ్చింది.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. లోకసభ నియోజకవర్గాలను ఆధారంగా తీసుకుని గీసిన గీతలు అవి. మన పాత పశ్చిమ గోదావరి మూడు ముక్కలైంది. భీమవరం ముఖ్యపట్టణంగా డెల్టా భాగానికి పశ్చిమ గోదావరి అనే పేరు మిగిలింది. ఏలూరు, చింతలపూడి, జంగారెడ్డిగూడెం, పోలవరం వైపు మెట్టా మన్యమూ ఏలూరు జిల్లా అయ్యాయి. కృష్ణా జిల్లా నుంచి నూజివీడు, కైకలూరు ప్రాంతాలు వచ్చి అందులో చేరాయి. కొవ్వూరు, నిడదవోలు, గోపాలపురం ప్రాంతాలు రాజమహేంద్రవరం ముఖ్యపట్టణంగా వున్న తూర్పు గోదావరిలోకి పోయాయి. కొవ్వూరు రైతు ఏటికి పడమటి ఒడ్డున కూర్చుని "మాది తూర్పు గోదావరి" అని చెప్పుకోవలసి వచ్చింది. ఇది వినడానికి వేడుకగా వుంటుంది.

ఈ విభజనలో మేలు లేకపోలేదు. కొల్లేరును చూడండి. అంతకుముందు ఆ సరస్సు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య పంచుకుని వుండేది. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించినా, 2006లో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టించినా, రెండు జిల్లాల యంత్రాంగం కదలవలసి వచ్చేది. ఇప్పుడు చాలావరకు ఏలూరు జిల్లాలోనే వున్నది. పల్లం వేరు, మెట్ట వేరు కావడం కూడా ఒక విధంగా మంచిదే. పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధనా సంస్థ, ఆ చుట్టూ బోర్ల కింద పామాయిలు, కోకో తోటలు. అక్కడి రైతు కష్టం వేరు. ఉప్పునీటి పక్కన మొగల్తూరు రైతు కష్టం వేరు. పాత జిల్లా సగటు అంకె చూసి ఇద్దరికీ ఒకే సలహా చెప్పిన రోజులు నాకు తెలుసు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే నీటి దగ్గర. ఇందాక విజ్జేశ్వరం పేరు గుర్తుంచుకోమన్నాను గదా. అది నిడదవోలు మండలంలోది. అంటే 2022 నుంచి అది తూర్పు గోదావరి జిల్లాలోది. పడమటి డెల్టా కింద అయిదు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు వున్నది. దాని తల ఒక కలెక్టరు దగ్గర, తోక ఇంకొక కలెక్టరు దగ్గర, పక్కకొమ్మ మూడో కలెక్టరు దగ్గర. దాళ్వాలో ఏటిలో నీరు తగ్గి వంతులు పెట్టినప్పుడు ఇది తెలుస్తుంది. తోకలో వున్న నరసాపురం, మొగల్తూరు రైతుకు నీరు అందకపోతే భీమవరంలో చెప్పుకుంటాడు. లాకు తిరగవలసింది మాత్రం ఎగువన. ఏరూ కాలువా కాటన్ నాడు గీసిన గీత ప్రకారం పోతాయి, కచేరీల గీత ప్రకారం పోవు. ఇందుకే నీటి సలహా సంఘాల సమావేశాలకు మూడు జిల్లాల రైతు ప్రతినిధులూ పోవాలి. 1997 చట్టం ప్రకారం ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు, వాటిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలు కాలువ హద్దుల ప్రకారం కట్టినవే, జిల్లా హద్దుల ప్రకారం కాదు. ఆ సంఘాల్లో చురుకుగా వున్న రైతు జిల్లా మారినా నష్టపోడు.

ఇక చివరి సంగతి. నా మటుకు నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం.

జనాభా లెక్కల్లో తలలు లెక్కపెట్టడంతో పని అయిపోదు. ఎవరు ఏ పని చేస్తున్నారో కూడా వ్రాస్తారు. 2011లో మన జిల్లాలో సాగుదారులుగా నమోదైనవారి కంటే వ్యవసాయ కూలీలుగా నమోదైనవారు కొన్ని రెట్లు ఎక్కువ. ఇది చాలావరకు నిజమే, డెల్టాలో భూమి లేనివారే ఎక్కువ. కాని ఆ అంకెలో ఒక పొరపాటు కూడా కలిసి వున్నదని నా అనుభవం. లెక్కల నిబంధన ప్రకారం సొంత భూమి వున్నవాడే సాగుదారు కాదు. డబ్బు ఇచ్చి గాని, గింజలు ఇచ్చి గాని, పాలుకు గాని ఇతరుల భూమి చేసేవాడు కూడా సాగుదారే. మన డెల్టాలో మడికి మడి కౌలు మీదే నడుస్తున్నది. ఎన్యూమరేటరు వచ్చి "ఏం పని చేస్తావు?" అని అడిగితే కౌలురైతు ఏమంటాడు? "ఏముందండీ, కూలి పనే" అంటాడు. ఆసామి వింటాడేమోనని కొంత భయం, భూమి మీద హక్కు అడుగుతున్నాడని అనుకుంటారేమోనని కొంత మొహమాటం. అక్కడ కూలీ అని పడుతుంది. ఎకరానికి ఇన్ని బస్తాలు మక్తా కట్టి, పెట్టుబడి తనే పెట్టి, తుపానుకు నష్టం తనే భరించినవాడు లెక్కలో రైతు కాకుండా పోతాడు. జిల్లాలో రైతులు ఇంతమందే అని ఆ అంకె పైకి పోతుంది. పథకాలు ఆ అంకె మీద కడతారు. కౌలుదారుకు 2011లో ఒక చట్టం వచ్చి అర్హత కార్డు ఇచ్చింది. 2019లో ఇంకొక చట్టం వచ్చి పదకొండు నెలల ఒప్పందం మీద సాగుహక్కు పత్రం ఇచ్చింది. ఆ పత్రాలకు ఆసామి సంతకం కావాలి, అది దొరకడం కష్టం. జనాభా లెక్కల మనిషికి మాత్రం ఎవరి సంతకమూ అక్కరలేదు. మీరు చెప్పిందే ఆయన వ్రాసుకుంటాడు. అందులో చెప్పిన మాట వల్ల భూమి మీద హక్కు రాదు, పోదు. వ్యక్తుల వివరాలు బయటపెట్టకూడదని చట్టమే వున్నది. కాబట్టి ఆసామికి భయపడనక్కరలేదు.

ఆడవారి సంగతి అంతకంటే అన్యాయం. భార్య నారు పీకుతుంది, ఊడుస్తుంది, కలుపు తీస్తుంది, గేదెల పాలు పితుకుతుంది, ధాన్యం ఎండబోస్తుంది. లెక్కలవాడు వచ్చేసరికి మొగుడు అరుగు మీద కూర్చుని "ఆవిడ ఖాళీయేనండి, ఇంట్లో వుంటుంది" అంటాడు. 1961లో అడిగిన పద్ధతి వేరు, 1971లో ముఖ్యమైన వృత్తి ఏమిటని అడిగారు. ఆ మార్పుతో దేశమంతటా పనిచేసే ఆడవారి సంఖ్య కాగితం మీద అమాంతంగా పడిపోయింది. ఆడవాళ్లు పని మానేశారా? ఎవరైనా చూశారా? ప్రశ్న మారింది, జవాబు చెప్పేవాడు మాత్రం అరుగు మీదివాడే.

2021లో జరగవలసిన జనాభా లెక్కలు కోవిడ్ వల్ల వాయిదా పడ్డాయి. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. జిల్లా, మండల, గ్రామ హద్దులను 2025 డిసెంబరు 31 నాటికి స్థిరపరచాలని కూడా నిర్ణయించారు. 2022లో విడిపోయిన మన మూడు ముక్కలకూ వాటి సొంత హద్దులతో జరిగే మొదటి లెక్క ఇది. 2011 అంకెలతో పోల్చాలంటే పాత మండలాల పేర్లు పట్టుకుని కూడుకోవలసిందే. విస్తరణ ఉద్యోగులు తమ మండలపు 2011 అంకెలను ఒక నోటుబుక్కులో ఎత్తి వ్రాసి పెట్టుకుంటే అప్పుడు అవస్థ పడరు.

పాత కాగితాల సంగతి కూడా మరిచిపోకండి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చాయి. జిల్లా పేరూ మారి, నంబరూ మారితే మీ తాతగారి దస్తావేజును మీ పుస్తకంతో కలిపేది పాత సర్వే నంబరూ, నాలుగు పక్కల సరిహద్దులూ మాత్రమే. ఒక తెల్లకాగితం మీద పాత నంబరు, కొత్త నంబరు, ఏ సంవత్సరం వరకు ఏ జిల్లా అన్నది వ్రాసి ఆ దస్తావేజుకు గుచ్చి పెట్టండి. ఏలూరు తాలూకా పల్లె అయితే ఇట్లా వ్రాయండి: 1859 నుంచి గోదావరి, 1904 నుంచి కృష్ణా, 1925 నుంచి పశ్చిమ గోదావరి, 2022 నుంచి ఏలూరు. కొవ్వూరు వైపువారు చివరిది మాత్రం తూర్పు గోదావరి అని మార్చుకోండి. పోలవరం వైపువారికి 1942 వరకు గోదావరి, తూర్పు గోదావరి. ఆ తరువాత పశ్చిమ గోదావరి.

ఆ పెద్దాయనకు నేను వ్రాసి ఇచ్చిన కాగితం కూడా ఇదే. దాన్ని భోషాణంలో అన్నిటికంటే పైన పెట్టుకున్నాడు.